పాడుబావి గదిలో అతిథి

నిమిషాలమ్మకి నలభై రెండేళ్ళు. ఇరకాటంలో పడితే లేచి నడుస్తుంది.

బస్సు డిపోలో టైమ్ కీపరు. ఏ బస్సు ఎన్ని నిమిషాలు ఆలస్యంగా వచ్చిందో రిజిస్టర్లో రాయడం ఆమె ఉద్యోగం. ఆ పేరు డ్రైవర్లు కోపంతో పెట్టారు. ఆమెకి నచ్చింది, ఉంచేసుకుంది.

పాడుబావి గది సంగతి నాకు ఆమె పక్క బల్ల దగ్గర కూర్చుని డ్యూటీలు వేసే ఆవిడ చెప్పింది. "విన్నది విన్నట్టు చెప్తాను. మధ్యలో నవ్వావంటే ఆపేస్తాను" అని ముందే బెదిరించింది. నవ్వలేదు. చివరిదాకా ఓపిక పట్టాను.

ఫోనులో ఒక చదరంగం ఆట ఉందట. ఎక్కడెక్కడివాళ్ళో వచ్చి ఒకరితో ఒకరు ఆడుకుంటారు. అందులో పది గదులు. పూలతోట గది, ఓడరేవు గది, మంచుకొండ గది... అన్నిటికన్నా అడుగున, వేలితో బాగా కిందికి తోస్తే తప్ప కనబడనిది — పాడుబావి గది. తెరమీద విరిగిన గిలకా, నాచు పట్టిన రాళ్ళూ, మధ్యలో నల్లటి నోరూ.

ఆ గదికి మంచి పేరు లేదు.

"ఇక్కడ ఆడేది మనుషులు కాదు" అని ఒకరు అభిప్రాయం రాశారు. "చేతికందిన ఆట వదిలేసి మాయమైపోయాడు" అని ఇంకొకరు. "రాత్రి పదకొండు దాటాక ఈ గదికి పోకండి" అని మరొకరు. ఒకడైతే, "నేను ఆడింది ఎవరో చచ్చిపోయినవాడితో" అని మొదలుపెట్టి, పక్కన నాలుగు చుక్కలు పెట్టాడు. ఐదో చుక్క పెట్టేలోపు ఎవరో కాలు పట్టుకుని లాక్కుపోయినట్టు అక్కడితో ఆపేశాడు.

మరి అలాంటి గదికి ఈమె ఎందుకు పోయింది?

మిగతా గదుల్లో ఉన్నవాళ్ళు మనుషులే కాబట్టి.

పూలతోట గదిలో ఒకడు నాలుగో ఎత్తుకే తన మంత్రిని తీసుకొచ్చి ఆమె బంటుకి అప్పజెప్పాడు. ఓడరేవు గదిలో ఒకడు ఆట మొదలవ్వకముందే "పెళ్ళయిందా?" అని అడిగాడు. అయిందంటే లేచి వెళ్ళిపోయాడు. మంచుకొండ గదిలో ఒకాయన ఓడిపోతూ, "నీ పక్కన ఎవరో మగాడు కూర్చుని చెబుతున్నాడు" అన్నాడు.

పక్కన ఉన్నది వాషింగ్ మెషీను.

ఆ దెబ్బకి ఆమె సొంత పేరు తీసేసింది. పేరు చెప్పనివాళ్ళని ఆ ఆట 'అతిథి' అంటుంది, వెనక ఒక నెంబరు తగిలిస్తుంది. ఈమె అతిథి 3316 అయింది. ఫొటోలూ కబుర్లూ లేని గది ఏదా అని వెతికితే, పాడుబావి ఒక్కటే దొరికింది. దానికి సంగీతం కూడా లేదు. అది మరీ మంచిదైంది — అత్తగారికి వినబడదు.

అత్తగారి సంగతి చెప్పాలి. ఈమె ఫోను కొన్న కొత్తలో ఒక రాత్రి అది పట్టుకుని కూర్చుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి అంది: "ఈ ఇంట్లో ఫోనుకి అంకితం చెయ్యడానికి నా కొడుకొకడు చాలు. నువ్వు కూడానా?"

కొడుక్కి ఆ మాట చెప్పలేదు. చెప్పినా వినబడదు. ఫ్రిజ్‌లు బాగుచేసే ఆయన రాత్రి తొమ్మిదికి హాల్లో సోఫా ఎక్కి, చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, ఫోను ఆటలో ఎవరెవరినో కాలుస్తూ పదకొండుదాకా ఇల్లెగరగొడతాడు. గెలిస్తే, "వీడికి నడవడం రాదు, కాల్చడం రాదు, ఎందుకొస్తార్రా!" అంటాడు. ఓడితే, "బాట్! కంపెనీవాడు బాట్లని దింపాడు! ఇది యంత్రం కొట్టే దెబ్బ, మనిషిది కాదు!" అంటాడు. గెలుపు తనది, ఓటమి కంపెనీది. పదకొండున్నరకి గుర్రు మొదలవుతుంది.

అత్తగారు తొమ్మిదింటికే నిద్రమాత్ర వేసుకుని మధ్యగదిలో తలుపు దగ్గరగా వేసుకుంటుంది.

అప్పుడు ఈమె వంటింట్లో వాషింగ్ మెషీను పక్కన ముక్కాలి పీట వేసుకుని, దీపం తీసేసి, బావిలోకి దిగుతుంది.

మొదటి రాత్రే అవతల కూర్చున్నది — అతిథి 7041.

ఎవరో తెలియదు. ఆడో మగో తెలియదు. మొదటి ఎత్తు గుర్రం. ప్రతిసారీ గుర్రమే. ఆ తర్వాత తొందర లేకుండా, కూరగాయల బుట్టలో పుచ్చులు ఏరినట్టు, ఈమె బంట్లని ఒక్కొక్కటే ఏరుకుంటూ వచ్చేది. పది నిమిషాల్లో ఈమె రాజు మూలకి నక్కాడు. ఇక రెండెత్తుల్లో ఆటకట్టు.

ఈమె ఏదో ఒక బంటు ముందుకి తోసేసి, వచ్చే దెబ్బకి కూర్చోలేక లేచింది. వంటింట్లోంచి వసారాలోకి, వసారా చివరిదాకా, మళ్ళీ వెనక్కి. కాళ్ళకి రబ్బరు చెప్పులు. ఎడమది టప్. అడుగు ఊడొచ్చిన కుడిది చప్.

టప్... చప్... టప్... చప్...

ఆ ఆటలో ఒక్కో ఎత్తుకి ఒక నిమిషం. నిమిషం దాటితే ఓడినట్టే.

7041 కదల్లేదు. నలభై సెకన్లు... యాభై... అరవై.

తెరమీద బావిలోంచి ఒక కప్ప ఎగిరి, "మీరు గెలిచారు" అంది.

రెండో రాత్రీ అంతే. మూడో రాత్రీ. ఇరవై ఏడు ఆటలు ఆడితే ఇరవై ఏడూ అంతే. పీక మీదికి కత్తి తెచ్చి, సరిగ్గా కొయ్యబోయే ముందు ఆ చెయ్యి రాయైపోయేది.

"గెలుస్తున్నావుగా, ఏడుపెందుకు?" అందట డ్యూటీలు వేసే ఆవిడ.

"ఇదేం గెలుపు? తలుపు కొడితే ఎవరూ తియ్యలేదని ఇల్లు నాదయిపోతుందా?"

ఏడుపుకి ఇంకో కారణం కూడా ఉంది. డిపో క్లబ్బులో ఏటా ఆటల పోటీలు పెడతారు. ఉద్యోగులకీ, వాళ్ళ ఇంట్లోవాళ్ళకీ. మగవాళ్ళకి చదరంగం, క్యారమ్స్, షటిల్. ఆడవాళ్ళకి నోట్లో చెంచా, చెంచాలో నిమ్మకాయ. పదహారేళ్ళుగా ఆమె ఆ నిమ్మకాయ మోస్తోంది. ఈసారి క్లబ్బు కార్యదర్శి కాగితం పట్టుకొచ్చి, "మీకు చెంచా రాసేశానండీ" అంటే, "చదరంగం రాయండి" అంది.

ఆయన పెన్ను ఆపాడు. "ఎవరితోనైనా ఆడారాండీ?"

"ఫోనులో."

"ఫోనులో మనుషులుంటారాండీ?"

గదిలో ఉన్న ముగ్గురు డ్రైవర్లూ బూట్ల వైపు చూసుకున్నారు. నవ్వు దాచుకోవడానికి బూట్లంత మంచివి లేవు.

"శనివారందాకా టైముందిలెండి, ఆలోచించుకోండి" అని ఆయన చెంచా కొట్టెయ్యకుండా, చదరంగం రాయకుండా వెళ్ళాడు.

శనివారంలోపు ఆమెకి ఒక్కటే తెలియాలి. 7041 మనిషా, యంత్రమా? మనిషైతే, మనిషికి ఎదురు కూర్చుని పది నిమిషాలైనా నిలబడ్డట్టు. యంత్రమైతే, కంపెనీవాడు చంటిపిల్లకి గిలక్కాయ ఇచ్చినట్టు ఆమె చేతికి ఇరవై ఏడు గెలుపులు ఇచ్చినట్టు. పదిమందిలో బల్ల ముందు కూర్చుని నాలుగో ఎత్తుకే మంత్రిని పోగొట్టుకుంటే — ఇంకో పదహారేళ్ళు నిమ్మకాయే.

మొగుణ్ణి అడిగింది. "అవతల ఆడేది మనిషో బాటో ఎలా తెలుస్తుంది?"

ఆయన ఒక చెవి ఖాళీ చేశాడు. "నువ్వు గెలిచావా?"

"ఆఁ."

"అయితే బాట్." చెవి మూసుకున్నాడు.

"మొదటి ఎత్తు ఎప్పుడూ గుర్రమే. గెలిచే ముందు ఆగిపోతుంది" అంది ఆమె, వినకపోయినా.

విన్నాడు. తెరమీద ఆయన మనిషిని ఎవడో కాల్చేశాడు. అయినా అరవలేదు. చెవులవి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గుర్రమా?"

"గుర్రం."

"మా నాన్న..." గొంతు తగ్గించాడు. "మా నాన్న ఎప్పుడూ గుర్రమే ముందు జరిపేవాడు. గెలవబోతూ ఆట ఆపేసి టీ అడిగేవాడు."

ఇద్దరూ వసారా వైపు చూశారు. చివర మామగారి గది. ఆయన పోయి మూడేళ్ళు. కుర్చీ మీద తెల్ల దుప్పటి కప్పి, కిటికీలు బిగించి, తలుపు వేసేశారు. తుడవడానికి కూడా ఎవరూ పోరు. ఆయన అక్కడే కూర్చుని రోజూ సాయంత్రం స్నేహితులతో చదరంగం ఆడేవాడు.

"రాత్రిళ్ళు అటువైపు తిరగకు" అన్నాడు మొగుడు. ఆ రోజు నించి హాల్లో లైటు ఆర్పకుండా పడుకున్నాడు.

ఆమె దెయ్యాలని నమ్మే మనిషి కాదు. రిజిస్టర్ని నమ్ముతుంది. పాత డ్యూటీ పుస్తకం ఒకటి తెచ్చి, వంటింట్లో రాయడం మొదలుపెట్టింది. కూర్చున్నది ఎన్నింటికి, లేచింది ఎన్నింటికి, 7041 ఆగింది ఎన్నింటికి.

సోమవారం. లేచాను 11.42. ఆగింది 11.42.

మంగళవారం. లేచాను 11.57. ఆగింది 11.57.

బుధవారం ఆట బాగానే ఉంది, లేవాల్సిన పనిలేదు. అయినా కావాలని లేచి నాలుగడుగులు వేసింది. టప్... చప్... టప్... చప్...

ఆగింది.

వీపు మీద చన్నీళ్ళు పోసినట్టయింది ఆమెకి.

అది తనని చూస్తోంది.

గురువారం ఫోను కెమెరాకి వెనకా ముందూ ప్లాస్టరు ముక్కలు అంటించింది. కిటికీ తెర లాగింది. వాషింగ్ మెషీను మూత కూడా, ఎందుకైనా మంచిదని, మూసింది. చీకట్లో ఊపిరి బిగబట్టి... మెల్లగా... లేచి... రెండడుగులు.

టప్. చప్.

ఆగింది!

మర్నాడు పొద్దున్న అత్తగారు టీ గ్లాసు ఊదుకుంటూ, ఈమె మొహం చూడకుండా అంది: "రాత్రిళ్ళు వసారాలో ఎవరో తిరుగుతున్నట్టు చప్పుడవుతోంది అమ్మాయ్. నీకేమన్నా వినబడుతోందా?"

"లేదత్తయ్యా. మీకు... ఎలాంటి చప్పుడు?"

"ఏదోలే. ఈడ్చుకుంటూ నడిచినట్టు. నిద్రమాత్ర వల్లేమో."

హాల్లో కొడుకు చేతిలో టీ తొణికింది.

శుక్రవారం రాత్రి. తెల్లారితే శనివారం.

పదకొండూ నలభై. బావిలోకి దిగింది. 7041 అప్పటికే కూర్చుని ఉంది... గుర్రం కదిలింది.

ఆ రాత్రి నిమిషాలమ్మ ప్రాణం పెట్టి ఆడింది. అయినా పన్నెండుకల్లా ఏనుగు పోయింది. పన్నెండూ ఐదుకి రాజు మళ్ళీ ఆ మూలకే చేరాడు. బంటు తోసింది. లేచింది. వంటింటి గడప దాటబోతూ కాలు తట్టుకుంది — కుడి చెప్పు వారు పటుక్కున తెగింది.

తిట్టుకుని రెండు చెప్పులూ గడప దగ్గరే వదిలేసింది. ఒట్టి కాళ్ళతో, ఫోను పట్టుకుని, వసారాలోకి నడిచింది.

చప్పుడు లేదు.

ఒకడుగు... రెండు... మూడు...

తెరమీద గుర్రం ఎగిరి ఆమె రెండో ఏనుగుని తన్నేసింది.

ఆగలేదు! ముప్పై రెండో ఆటలో మొదటిసారి — ఆగలేదు.

ఆమె నిలబడిపోయింది. అప్పుడు చూసింది... వసారా చివర, మూడేళ్ళుగా మూసి ఉన్న తలుపు కింద, సన్నగా, నీలంగా... వెలుతురు.

కాళ్ళు వెనక్కి లాగాయి. కానీ ఎత్తు తనది, నిమిషంలో సగం అయిపోయింది. టైమ్ కీపరు కదా, ఆ స్థితిలో కూడా నిమిషం వృథా చెయ్యలేకపోయింది. ఒక బంటు జరిపింది.

తలుపు వెనక నించి ఎవరో —

"ఊఁ..."

తెరమీద 7041 మంత్రి జరిగింది.

ఆమె ఇంకో అడుగు వేసింది. ఇంకో బంటు జరిపింది.

లోపల నవ్వు. గొంతులోనే నొక్కిపెట్టిన నవ్వు. ఆ తర్వాత గుసగుస... "చచ్చావు పో..."

తలుపు మీద చెయ్యి వేసింది. తోసింది.

మామగారి కుర్చీ. దాని మీద తెల్ల దుప్పటి... దుప్పటి కుర్చీ ఆకారంలో లేదు. కూర్చున్న మనిషి ఆకారంలో ఉంది. తల ఉండాల్సిన చోట తల లేదు, పొట్ట దగ్గర నీలం వెలుతురు. ఆ వెలుతురు కదులుతోంది. కింద... రెండు పాదాలు.

కెవ్వున కేక!

అరిచింది ఆమె కాదు. దుప్పటి.

హాల్లో దబ్బుమని ఎవరో సోఫా మీంచి పడ్డారు. దబదబా అడుగులు — ఇటు కాదు, పడగ్గది వైపు. ధడాల్న తలుపు. లోపలి నించి గడియ పడింది.

దుప్పటి జారింది. పొట్టలోకి వంగిన తల పైకి లేచింది. ముక్కు చివర కళ్ళజోడుతో అత్తగారు, చేతిలో ఫోనుతో, గుండె పట్టుకుని కూర్చుని ఉంది.

"చప్పుడు లేకుండా వస్తావేం అమ్మాయ్! ప్రాణం పోయింది! చెప్పులేవీ?"

"తెగాయి."

"తెగితే దగ్గుతూ రావాలి!"

కోడలు ఫోను తిప్పి చూపించింది. తెరమీద బావి. అత్తగారు తన ఫోను చూసుకుంది. అదే బావి.

"7041... మీరా?"

"3316... నువ్వా?"

కాసేపు ఆ గదిలో దెయ్యం ఉన్నా ఇద్దరూ పట్టించుకునే స్థితిలో లేరు.

"ఈ ఫోను..." అంది కోడలు.

"వాడు కొత్తది కొనుక్కుని నాకు పడేసిన పాతది. ఆట అందులోనే ఉంది. ఒక్క రోజు ఆడి వదిలేసినట్టున్నాడు. నిద్రమాత్ర వేసుకున్నానని చెప్పి, ఇక్కడైతే ఎవరూ రారని..." అత్తగారు మాటల మధ్యలోనే గుర్రాన్ని జరిపింది. "ముప్పై ఒక్క ఆటలు! ముప్పై ఒక్కటీ నా చేతిలోవే. ఇంకో రెండెత్తులుందనగా, టప్పూ చప్పూ అనుకుంటూ ఈ తలుపుదాకా వచ్చేదానివి. నేను ఫోను ఒళ్ళో బోర్లా పెట్టి, దుప్పటి కప్పుకుని, ఊపిరి తియ్యకుండా కూర్చునేదాన్ని. నువ్వు పోయేసరికి నిమిషం అయిపోయేది. ఈ 3316 ఎవడో గాని, ఆడడం చేతగాని వెధవ, కప్ప వాడికి దండం పెడుతోందని తిట్టుకునేదాన్ని."

కోడలికి ముప్పై ఒక్క గెలుపులూ ఒక్కొక్కటే చేతిలోంచి జారిపోతున్నాయి. గెలిపించింది ఆమె బుర్ర కాదు. చెప్పులు.

"నన్ను చూసి దాక్కున్నారా అత్తయ్యా?"

"మరి? కొత్తలో నిన్ను ఆ మాట అని, ఇప్పుడు ఏ మొహంతో కనబడను?"

అత్తగారు దుప్పటి మడత పెడుతూ, మడతతోనే మాట్లాడుతున్నట్టు చెప్పింది.

"ముప్పై ఏళ్ళు టీ కప్పులు పట్టుకుని ఈ కుర్చీ వెనక నిలబడ్డాను. నిలబడే నేర్చుకున్నాను. ఒక రోజు నోరు జారి, 'గుర్రం కాదండీ, ఏనుగు జరపండి' అన్నాను. స్నేహితులందరూ నవ్వారు. ఆ మర్నాటి నించి టీ గుమ్మం దగ్గర పెట్టి పొమ్మన్నారు మీ మామగారు."

"ఆయన లాగే మీరూ ముందు గుర్రం జరుపుతారుగా?"

"ఆయనకి జరపడమే తెలుసు. జరిపాక ఏం చెయ్యాలో నాకు తెలుసు."

అని ఫోను వైపు కళ్ళజోడు వంచింది. "నీ ఎత్తే. పదకొండు సెకన్లుంది. పారిపోకు."

కోడలు కింద కూర్చుంది. రాజుని ఉన్న ఒక్క గడిలోకి జరిపింది. అత్తగారు వేలు తడుపుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు, మంత్రిని తిప్పింది.

ఆటకట్టు.

కప్ప ఎగిరింది. ఈసారి అత్తగారి బావిలోంచి.

పడగ్గది తలుపు వెనక నించి సన్నగా, "అమ్మా... నువ్వు బాగానే ఉన్నావా?" అని వినబడింది.

"బాట్ కాదులేరా, పడుకో" అంది తల్లి.

శనివారం పొద్దున్న క్లబ్బు కార్యదర్శి కాగితం పట్టుకుని వచ్చాడు. నిమిషాలమ్మ పెన్ను లాక్కుని చదరంగం కింద రెండు పేర్లు తనే రాసింది. పైది అత్తగారిది. కిందది తనది.

"మరి చెంచా..." అన్నాడు ఆయన.

"అది మా ఆయనకి రాయండి. భయం వేస్తే బాగా నడుస్తారు."

ఇక్కడ నేను నవ్వాను. అప్పటికి కథ అయిపోయిందని డ్యూటీలు వేసే ఆవిడ క్షమించింది.

నిమిషాలమ్మ ఇంతవరకు కొత్త చెప్పులు కొనలేదు. ఆ శనివారం రాత్రి అత్తగారి చేతిలో వరసగా ఆరు ఆటలు ఓడిపోయింది.